నలగని దుప్పటి

దుప్పటి దులపడం అందరికీ వచ్చు. ఆయన దులిపినట్టు దులిపినవాళ్ళని మాత్రం నేను మళ్ళీ చూడలేదు. రెండు కొసలు పట్టుకుని ఒకే ఒక్కసారి విదిలిస్తే టపాకాయ పేలినట్టు చప్పుడయ్యేది. మొన్న పొద్దున్న వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కింటి పెరట్లోంచి అచ్చం అలాంటి చప్పుడే వినపడింది. కత్తి అక్కడే పడేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పక్కింటి గ్రీకు ముసలావిడ, గొడుగులా గిర్రున తిరిగే ఇనప దండెం మీద బట్టలు ఆరేసుకుంటోంది. ఇంకెవరుంటారు? ఆయన పోయి మూడు నెలలు దాటింది.

నన్నలా పరిగెత్తించింది మనిషి గుర్తొచ్చిన బెంగ ఒక్కటే కాదు. ఆయన నాకో పని అప్పజెప్పి పోయాడు. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఒక ఆడమనిషికి ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. అట్లతద్దె లోపల చెప్పాలి. గోడ మీద తెలుగు క్యాలెండర్ చూస్తే అట్లతద్దెకి ఇంక నాలుగు రోజులే ఉంది.

పేరు రాయను. ఆస్ట్రేలియాలో మా క్రెయిగీబర్న్ పేట పిల్లలు ఆయన్ని 'ఐరన్ అంకుల్' అనేవాళ్ళు. నేను అన్నయ్యా అనేదాన్ని. ఆయన కూతురూ మా అమ్మాయీ ఒకే ఆసుపత్రిలో నర్సులు. తొమ్మిదేళ్ళ కిందట మా అమ్మాయి ఇక్కడ ఇల్లు కొనుక్కుని సత్యనారాయణ వ్రతం చేసుకుంటుంటే ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చాడు. వచ్చినవాళ్ళంతా గోడలూ, పొయ్యీ, గరాజూ చూస్తున్నారు. ఆయన మాత్రం కార్పెట్ మీద మేం పరిచిన దుప్పట్లనే చూస్తున్నాడు. చూసి చూసి ఇంక ఉండబట్టలేక, "ఒక్క నిమిసం అందరూ లెగండమ్మా" అన్నాడు. పీటల మీద దంపతులు తప్ప అందరూ లేచారు. పంతులుగారు కూడా లేచారు.

"ఏంటన్నయ్యా, కూర్చోడానికేగా" అన్నాను.

"పంతులుగారు ముడత మీద కూకుంటే మంత్రం వంకర పోతాది సెల్లమ్మా" అన్నాడు.

ఠప్, ఠప్ మని నాలుగు దుప్పట్లూ దులిపి పరిచాడు. గచ్చు మీద సున్నం వేసినట్టు పరుచుకున్నాయి. ఆ తర్వాత వచ్చిన పిల్లలు దాని మీద కాలు పెట్టడానికి భయపడ్డారు.

ఆయన సన్నంగా, కొంచెం వంగి ఉండేవాడు. చేతులు మాత్రం ఆ ఒంటికి అతకవు. పెద్దవి, ఎర్రవి. వేళ్ళ చివర్లలో గీతలు అరిగిపోయి ఉండేవి. జేబులో ఎప్పుడూ పదహారు మడతల చేతిరుమాలు. దాన్ని తీయడమే గాని దానితో తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. సర్దిన పక్క మీద కూర్చునేవాడు కాదు, కుర్చీ ఉంటే కుర్చీ, లేకపోతే నించోవడమే. ఎవరింటికెళ్ళినా తిన్నగా తీగ మీద ఆరిన బట్టల దగ్గరికి పోయేవాడు.

బట్టని చూసి మనిషి సంగతి చెప్పేసేవాడు. ఓ రోజు మా ఇంట్లో ఉతకడానికి తీసిన తలగడ గలేబు పట్టుకుని, "రాత్రి నిద్దర పట్టలేదేటి?" అన్నాడు.

"మీకెవరు చెప్పారు?"

"నిద్దర పట్టినోల్ల గలేబు ఒక పక్కనే నలుగుతాది. ఇది నాలుగు పక్కలా నలిగింది. బట్ట అబద్దం సెప్పదు సెల్లమ్మా."

ఆ మాట రోజుకి నాలుగుసార్లు అనేవాడు. మనవడు పరీక్ష బాగా రాశానంటే వాడి చొక్కా చెయ్యి చూసేవాడు. నమిలిన మరకుంటే, "రాయలేదు. బట్ట అబద్దం సెప్పదు" అనేవాడు. వాడు "నాట్ ఫెయిర్, తాతా" అని చొక్కా మార్చుకోడానికి పరిగెత్తేవాడు.

ఆ వ్రతం రోజే ఆడవాళ్ళు ఆయన పనితనం కనిపెట్టేశారు. పట్టుచీర మడత పెడితే అంగడిలో అద్దాల బీరువాలోంచి అప్పుడే తీసినట్టుండేది. నేను కూడా రెండు చీరలిచ్చాను. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ ఇచ్చాను. వెర్రిబీ అనే పేట నుంచి వచ్చిన ఒక డాక్టరుగారి భార్య, "ఎక్కడ నేర్చుకున్నారండీ అంకుల్?" అంది.

"ఓడలోనమ్మా. పెద్దపెద్దోల్లు తిరిగే ఓడ. ఇరవై రెండేళ్ళు ఉతికినాను."

"అంతకు ముందు?"

"అంతకు ముందూ అదే. మా తాత, మా అయ్య ఊరందరి బట్టలూ ఉతికినారు."

ఆవిడ "ఓహో" అంది. ఆ ఓహో ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. మరుసటి వారం రెండు సంచుల చీరలు కారులో తెచ్చి, లోపలికి రాకుండా, ఆయన గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. ఆయన అన్నీ ఇస్త్రీ చేశాడు. ఒక్కో చీర లోపలి మూలలో నల్ల సిరా కలంతో మూడు చుక్కలూ ఒక గీతా పెట్టాడు.

"ఇదేంటన్నయ్యా?"

"గుర్తు. మా అయ్య నల్లజీడి రసంతో పెట్టీవోడు. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి పోవాలి కదేటి?"

పట్టుచీరల మీద చాకలి గుర్తులు చూసుకుని ఆవిడ ఫోన్లో ఎంత గోల చేసిందో! ఇంక మళ్ళీ రాలేదు. ఆయన వారం రోజులు నవ్వాడు. ఆయన అంతలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఓడ గురించి అడిగితే ఎక్కువ చెప్పేవాడు కాదు. ఇంగ్లండు నుంచి అమెరికాకి అట్లాంటిక్ సముద్రం దాటే ఓడ. నలభైసార్లు పైనే దాటానన్నాడు.

"నలభైసార్లే! సముద్రం ఎలా ఉంటుందన్నయ్యా?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "వేడిగా" అన్నాడు.

లాండ్రీ ఓడ అడుగున ఉంటుందట. కిటికీలుండవు. ఇస్త్రీ యంత్రాల ఆవిరి. పన్నెండు గంటలు నిలబడటం, అక్కడే ఇంకో ఇనప గదిలో, ఒకదాని మీద ఒకటి ఉండే బంకు మంచాల మీద పడుకోవడం. పైన డెక్‌ల మీదకి పనివాళ్ళు రాకూడదు. ఆయన సముద్రం మీద ఇరవై రెండేళ్ళున్నాడు గాని సముద్రాన్ని రేవుల్లో తప్ప చూడలేదు.

కిందటేడు ఆయనకి డెబ్బై నిండుతుంటే కూతురు ముచ్చటపడింది. "నాన్నా, ఇట్స్ యువర్ సెవెంటీయత్. నువ్వు బట్టలుతికిన ఆ అట్లాంటిక్ మీదే నిన్ను ప్యాసింజర్‌గా తీసుకెళ్తా. సూట్ వేసుకుని డిన్నర్ తిందువుగాని" అంది. రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి అడిగితే, "అట్లతద్దె ఎప్పుడు?" అన్నాడు.

"నీకెందుకు నాన్నా అట్లతద్దె? వ్రతం చేస్తావా?" అని పిల్ల పగలబడి నవ్వింది. ఆయన మాత్రం ఆ రోజు ఓడ నడిసముద్రంలో ఉండేలా ప్రయాణం పెట్టమని పట్టుబట్టాడు. అలా నలుగురం బయల్దేరాం. ఒక గదిలో తండ్రీ కూతురూ, ఇంకో గదిలో మా అమ్మాయీ నేనూ. లండన్ దాకా విమానం. అక్కణ్ణుంచి ఏడు రాత్రులు ఓడ.

ఓడంటే నేను పడవ లాంటిదనుకున్నాను. అది ఊరు. మెట్ల పక్కన ఇత్తడి కటకటాలు అద్దంలా మెరుస్తున్నాయి. తివాచీలో పాదం మునిగిపోతోంది. పొద్దున్న లేస్తే పెళ్ళివారిల్లులా వాయిద్యాలు. ముసలి తెల్లవాళ్ళు సాయంత్రం కాగానే పెళ్ళికొడుకుల్లా ముస్తాబై తిరుగుతుంటారు. ఆయన నల్ల సూటు వేసుకుని వాళ్ళ మధ్య నిలబడితే ఎవరో పెద్ద జడ్జిగారనుకున్నారు.

కానీ ఆయన సుఖపడలేదు. గది సర్దడానికి వచ్చే ఫిలిప్పీన్స్ ఆవిడకి చెయ్యడానికి పని మిగిల్చేవాడు కాదు. ఆవిడ వచ్చేసరికి పక్క దులిపి, మూలలు మడిచి, తువాళ్ళు పేర్చి ఉండేవి. రెండు రోజులు చూసి ఆవిడ కూతురితో, నా పని బాగాలేదా మేడమ్, పైవాళ్ళకి తెలిస్తే నాకు మాట వస్తుంది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూతురు, "నాన్నా ప్లీజ్, లెట్ హర్ డూ హర్ జాబ్" అని గదిమింది. మూడో రోజు ఆవిడ పక్క సర్దుతుంటే ఈయన కుర్చీలో మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, అల్లుడు అంట్లు తోముతుంటే చూస్తున్న అత్తగారిలా కూర్చున్నాడు. ఆవిడ తువాలుతో ఏనుగు బొమ్మ చేసి మంచం మీద పెట్టి వెళ్ళింది. ఈయన దాన్ని విప్పి నెమలిని చేసి ఆవిడ బండి మీద పెట్టాడు. ఆ నెమలిని మేం ఓడ దిగేదాకా ఆవిడ విప్పలేదు.

భోజనాల బల్ల మీద తెల్లటి గుడ్డ. నేను ఇంటి నుంచి చిన్న సీసాలో ఆవకాయ పట్టుకెళ్ళాను. రెండో రోజు అది తీస్తుంటే ఒక నూనెబొట్టు గుడ్డ మీద పడింది. ఆయన మొహం పాలిపోయింది. చటుక్కున పళ్ళెం జరిపి దాన్ని కప్పేశాడు. తర్వాత ఉప్పూ సోడానీళ్ళూ అడిగి తెప్పించుకుని, సూటు చేతులు పైకి మడిచి, అంతమంది మధ్యన బల్ల మీద వంగి రుద్దడం మొదలెట్టాడు.

"నాన్నా, ఎవ్రీవన్ ఈజ్ లుకింగ్" అంది కూతురు పళ్ళ బిగువున.

"సూడనీ. పసుపూ నూనే కలిస్తే కింద ఒకడు దీనికోసం అరగంట నిలబడాల" అన్నాడు తలెత్తకుండా.

ఆ రాత్రి నుంచి నేను ఆవకాయ ముట్టుకోలేదు.

మా అంతస్తులో నడవా చివర, గోడ రంగులోనే ఒక తలుపుండేది. పిడి కూడా కనపడదు. అది నాకు చూపించి, "ఇక్కడిదాకా తివాచీ. ఆ అవతలంతా ఇనుము" అన్నాడు. దాని మీద అరచెయ్యి ఆనించి, "వేడి తెలస్తందేటి?" అని అడిగాడు. నేనూ చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆయన చెయ్యి మాత్రం తీయలేదు.

మూడో రోజు అట్లతద్దె. మిట్టమధ్యాహ్నం కెప్టెన్ గొంతు మైకులో వినిపించింది. రోజూ ఆ వేళకి ఓడ ఎక్కడుందో, కింద నీళ్ళెంత లోతో చెబుతాడు. పిల్లలిద్దరూ పాటల కచేరీకి పోయారు. ఆయన వచ్చి, "సెల్లమ్మా, ఒకపాలి ఎనక్కి రా" అన్నాడు.

ఓడ వెనక భాగంలో కటకటాల దగ్గర నిలబడ్డాం. ఓడ దున్నుకుపోయిన నీటి దారి తెల్లగా, కంటికి కనపడినంత దూరం ఉంది. చుట్టూ ఇంకేమీ లేదు.

"ఇయ్యాల అట్లతద్దె" అన్నాడు.

"అవునన్నయ్యా. ఇక్కడ అట్లెవరు పోస్తారు?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మా పిన్ని కొడుకుని నానే తీసుకొచ్చినాను ఓడలోకి. నాకంటే బాగా సిన్నోడు. లేటుగా పెళ్ళయింది, యేడాది కూడా కాలేదు. ఇస్త్రీ బల్లలకి నాను మేస్త్రీని, ఆడు నా కింద. పందొమ్మిదేళ్ళయింది. ఇలాగే అట్లతద్దె. పొద్దున్న బల్ల కాడ అన్నాడు, 'అన్నియ్యా, ఇయ్యాల అది ఉపాసముంటాది. సీకటి పడ్డాక పది నిమిసాలు ఒగ్గీ, పైకెల్లి సందమామని సూసొస్తాను' అని. నాను ఎటకారమాడినాను. 'ఒరే, నీకు సీకటి పడీసరికి అక్కడ తెల్లారిపోయి నీ పెళ్ళాం అట్లు తినీసి గిన్నెలు తోమీసుకుంటాది. ఏ సందమామరా? లోడుంది, నిలబడు' అన్నాను. అందరూ నవ్వినారు. ఆడూ నవ్వినాడు."

గాలికి ఆయన కోటు రెపరెపలాడింది. దాన్ని రెండు చేతులా సర్దుకున్నాడు.

"మర్నాడు లేచి సూస్తే నా పై బంకు మీద ఆడి దుప్పటి మడతెట్టి ఉంది. ముందే పనిలోకి ఎల్లిపోనాడనుకోవచ్చు. నాను దాని మీద సెయ్యేసినాను. మనిసి పడుకున్న దుప్పటి కాదది. రేతిరి ఆ బంకు మీద ఎవులూ లేరు. అప్పుడే పైకి పోయి సెప్పాల. సెప్పలేదు సెల్లమ్మా. మద్దేన్నానికి ఆఫీసర్ల విందు, తెల్లబట్టల లోడు అందాల. ఏ మూలో తొంగున్నాడు, పనయినాక సెవి మెలేస్తాననుకున్నాను. మూడు గంటలు ఇస్త్రీ చేసినాను."

"మీకు తెలీదు కదన్నయ్యా" అన్నాను.

"సేతికి తెలుసు. బట్ట అబద్దం సెప్పదు."

తర్వాత ఓడ వెనక్కి తిప్పారట. పొద్దుగూకేదాకా వెతికారు. జారాడో, దూకాడో ఎవరికీ తెలియలేదు. చీకట్లో చందమామ కోసం, ఓడని రేవుకి కట్టే తాళ్ళుండే ఆరుబయటి చోటికి వెళ్ళి ఉంటాడని కొందరన్నారు.

"పైన జనమంతా ఇక్కడే నిలబడి సూసినారంట. నాను కిందనే ఉన్నాను. ఈ నీళ్ళని ఇప్పుడే సూస్తన్నాను" అన్నాడు. కటకటా మీద చెయ్యి వేసి, "ఇంత సల్లగా ఉంటాదని నాకు తెలీదు" అన్నాడు.

ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పారని అడిగాను.

"సెప్పలేదు. ఏజెంటు ఆడు పోనాడని రాసిన కాయితాలు నా సేతికిచ్చి ఇంటికాడ ఇమ్మన్నాడు. ఆడి పెట్టె పట్టుకుని ఊరెల్లినాను. పిన్ని గడప మీద కూకునుంది. 'ఏడ్రా నా కొడుకు?' అంది. నోట్లోంచి వచ్చీసింది. 'అమెరికాలో దిగిపోనాడు పిన్నీ. సెప్పకుండా దిగిపోనాడు. దొరికితే పట్టుకుపోతారు, అందుకే ఉత్తరం రాయడు' అన్నాను. ఓడల్లో అలగ దిగిపోయినోల్లు ఉన్నారు. పిన్ని నమ్మీసింది. ఊరంతా బెల్లం పంచింది."

"మరి ఆ పిల్ల?"

"'ఎప్పుడొస్తాడు బావా?' అంది. అంతే. రెండుమూడేళ్ళు సూసి మారుమనువు సేసుకుంటాదిలే అనుకున్నాను. మాలో అది తప్పు కాదు. కానీ యేడాదికోపాలి అట్లతద్దె ముందు ఫోన్ చేస్తే అడుగుతాది కదా? ఏదోటి సెప్పాల. ఓ యేడు హోటల్లో ఉన్నాడన్నాను. ఓ యేడు టాక్సీ నడుపుతున్నాడన్నాను. ఓ యేడు ఒళ్ళు చేసినాడంట అన్నాను. దానికది సాలు. ఇంకో యేడాది కూకుంటాది. పిన్ని, కొడుకు అమెరికాలో ఉన్నాడనుకునే పోయింది, పోనీ. ఇది మాత్రం ఇంకా ఆడికోసం ఉపాసాలుంటంది. ఆడు పోయిన దినాన్నే, ఆడు సల్లగుండాలని."

నా చేతులు పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగిపోయాడు.

"మళ్ళీ అట్లతద్దె వచ్చీలోగా నువ్వు సెప్పు సెల్లమ్మా. నీకు మాట సెప్పడం వచ్చు. నాను నోరిప్పితే మళ్ళీ అమెరికాయే వస్తాది."

"ముందు ఒడ్డెక్కనీ అన్నయ్యా" అన్నాను.

అదీ నేనన్న మాట. లోపల వాయిద్యాలు మొదలయ్యాయి. టీ వేళయింది.

న్యూయార్క్‌లో రెండు రోజులున్నాం. ఎక్కడికెళ్ళినా ఆయన పక్కన వచ్చి ఆగిన ప్రతి టాక్సీలోకీ వంగి, తోలేవాడి మొహం చూసేవాడు. కూతురు, "ఎవరి కోసం నాన్నా?" అంది. "ఎవులూ లేరమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చాక నేను ఫోన్ చెయ్యలేదు. దీపావళి అయ్యాక చేద్దామనుకున్నాను. తర్వాత పిల్లల సెలవులన్నాను. ఆయన రెండుసార్లు అడిగాడు, "చేసినావేటి?" అని. ఆ తర్వాత అడగడం మానేశాడు. మా ఇంటికొచ్చి, తీగ మీద బట్టలు మడత పెట్టేసి, కాఫీ కూడా తాగకుండా పోయేవాడు.

జూలైలో చలి ముదిరాక ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరింది. ఆవిరిలో ఇరవై రెండేళ్ళు నానిన ఊపిరితిత్తులవి. ఆసుపత్రికి చూడ్డానికెళ్ళాను. ముక్కుకి గొట్టం. చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు, దుప్పటి అంచుని అలా అలా సాపు చేస్తూనే ఉంది.

"చేసినావేటి?" అన్నాడు.

ఆ మొహం చూసి లేదని ఎలా అనను? "చేశానన్నయ్యా. అంతా చెప్పాను. పాపం ఏమీ అనలేదు. మీ మీద కోపం లేదంది" అన్నాను. ఎంత చక్కగా అన్నానో! కథ చెప్పినట్టు అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. నా ఒళ్ళోకి చూశాడు. నేను తెలియకుండానే పైట కొంగు తాడులా మెలిపెట్టి పిడికిట్లో నలిపేస్తున్నాను. ఆయన చెయ్యి చాచి, నా పిడికిలి విప్పి, ఆ కొంగుని రెండు వేళ్ళతో పట్టి సాపు చేశాడు. ఒక్కో ముడతా, ఒక్కో ముడతా. చాలాసేపు చేశాడు.

"బట్ట అబద్దం సెప్పదు సెల్లమ్మా" అన్నాడు.

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. రెండు రోజులకి పోయాడు.

పన్నెండో రోజు అయ్యాక ఆయన కూతురు ఒక తలగడ గలేబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాన్న ఇది మీకివ్వమన్నారు అత్తయ్యా. విప్పొద్దన్నారు. వాట్ ఈజ్ ఇట్?" అంది. అందులో మడతపెట్టిన తెల్ల దుప్పటి ఉంది. నాలుగు మూలలూ కలిపి, అంచు లోపలికి మడిచి. పైకి కనపడే మూల మీద మాసిన సిరాతో రెండు చుక్కలూ ఒక సున్నా, ఎవరి ఇంటిదో ఆ గుర్తు. మడతలో ఒక కాగితం మీద ఫోన్ నంబరు. తమ్ముడు చివరిసారి మడిచిన మడత అది. ఈయన పందొమ్మిదేళ్ళు దాన్ని ఎక్కడెక్కడికి మోసుకుతిరిగాడో గాని, ఒక్క కొత్త ముడత పడనివ్వలేదు. ఆయన కూతురికి, పాత దుప్పటేనమ్మా అని చెప్పి లోపల దాచాను. మూడు నెలలు దాచాను.

గ్రీకావిడ దుప్పటి దులిపిన రోజున, ఉల్లిపాయలు అలాగే వదిలేసి, మధ్యాహ్నం దాకా మంచం మీద కూర్చున్నాను. ఇక్కడ మూడయితే అక్కడ పొద్దున్న. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని నంబరు నొక్కాను.

"ఎవులు?" అంది అటునుంచి. వెనక కోడి కూస్తోంది.

"ఆస్ట్రేలియా నుంచమ్మా. మీ బావగారికి తెలిసినదాన్ని."

"బావ బాగున్నాడేటి? ఈ యేడు ఇంకా ఫోన్ రాలేదేటని సూస్తన్నాను. అట్లతద్దె దగ్గరకొచ్చీసింది కదా."

ఆయన పోయిన సంగతి చెప్పాను. ఆవిడ గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, "ఇంక మా ఆయన కబురు నాకెవులు సెప్తారమ్మా? ఆ కబురు తెలిసిన మనిసి బావొక్కడే" అంది.

నేను చెప్తానమ్మా. ఆ మాట నాలిక చివరికొచ్చింది. టాక్సీ ఉంది, హోటలుంది, ఈ యేడు జుట్టు నెరిసిందటమ్మా అంటే సరిపోతుంది. ఇంకో యేడాది కూర్చుంటుంది. కిందికి చూసుకుంటే పైట కొంగు మళ్ళీ నా పిడికిట్లో ఉంది. వదిలేశాను.

"నీ మొగుడు అమెరికాలో లేడమ్మా. అమెరికా చేరలేదు. ఆ ప్రయాణంలోనే సముద్రంలో పడిపోయాడు. మీ బావ భయపడి అబద్ధం చెప్పాడు" అన్నాను. నా జీవితంలో ఏ సంగతీ అంత పొట్టిగా చెప్పలేదు.

అటునుంచి కోడి రెండుసార్లు కూసింది.

"ఏ దినం?" అంది.

"అమ్మా?"

"ఏ దినం పోనాడు? తిథి తెలియాల కదా. ఇన్నేళ్ళూ ఒక్క ముద్ద కూడా పెట్టలేదు."

దుప్పటి మీద చెయ్యి వేసుకున్నాను. ఇంకో రోజు చెప్పొచ్చు. ఆ ముందు రోజనొచ్చు, ఆ తర్వాత రోజనొచ్చు. ఎవరడుగుతారు?

"అట్లతద్దె నాడమ్మా" అన్నాను.

కోడిని ఉష్ అని తోలిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఆవిడ గొంతు మామూలుగానే వచ్చింది, సరుకులు లెక్క చూసుకుంటున్నట్టు.

"అయితే ఉపాసం అలవాటే. తద్దినానికీ పొద్దున్న తినకూడదు కదా. ఈపాలి సందమామ కోసం సూడక్కర్నేదు, అంతే. మద్దేన్నమే తినీయొచ్చు."